‘ఔట్ ఆఫ్ షేప్’ను చైనీస్ విద్యార్థులకు ఎలా చెప్పాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. మీరు హైదరాబాదు నుంచి చైనాలోని ఉద్యోగస్థులకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతున్నారు. వ్యాయామం గురించిన పాఠంలో ‘ఔట్ ఆఫ్ షేప్’ అనే నుడికారం వచ్చినప్పుడు, షేప్ అంటే ఆకారమనీ, మనిషి ఒళ్ళు ఆకారం తప్పడాన్ని ఈ మాట సూచిస్తుందనీ వివరించారు. అందరూ తలలూపారు. వారం తిరగకముందే ఒక విద్యార్థి, సెలవుల నుంచి తిరిగివచ్చిన కెనడా సహోద్యోగినిని ‘యు ఆర్ ఎ లిటిల్ ఔట్ ఆఫ్ షేప్’ అని ఆప్యాయంగా పలకరించి ఆమె మనసు నొప్పించాడు. మరొక విద్యార్థిని తన వ్యాసంలో ‘నేను పుట్టిన తరువాత మా అమ్మ బాడీ ఔట్ ఆఫ్ షేప్ అయింది’ అన్న అర్థం వచ్చే వాక్యం రాసింది. వివరణలో పొరపాటు ఎక్కడ జరిగిందో, ఎలా చెబితే నిలుస్తుందో అడిగారు.

నేను సింగపూర్‌లో చాలా ఏళ్ళపాటు చైనా నుంచి కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకు సాయంత్రపు తరగతుల్లో ఇంగ్లీషు చెప్పాను. మీరు చెప్పినట్టే మొదట్లో నేనూ చెప్పాను, అవే ఫలితాలు చూశాను. ఒక్క విషయం స్పష్టంగా చెప్పగలను. మీ విద్యార్థులు పాఠం వినకపోవడం వల్ల ఈ తప్పు చేయలేదు. చాలా శ్రద్ధగా విన్నారు. విన్నదానికి సరిగ్గా సరిపోయే మాట వాళ్ళ భాషలో అప్పటికే సిద్ధంగా ఉండటంతో, దాని మీద ఈ ఇంగ్లీషు మాటను తొడిగేసుకున్నారు.

ఆ మాట ‘షన్‌త్సాయ్ జౌయాంగ్’. షన్‌త్సాయ్ అంటే శరీర సౌష్ఠవం, ఒడ్డూ పొడుగూ. అందులోని ‘త్సాయ్’ అక్షరానికి అసలు అర్థం కలప, ముడిసరుకు. ‘జౌయాంగ్’లో మొదటి అక్షరం నడవడం, వెళ్ళిపోవడం, రెండవది నమూనా, తీరు. ఉండవలసిన తీరు వదిలిపోవడమే జౌయాంగ్. ఉతికిన స్వెట్టరు సాగిపోయినా, ఒకరు చెప్పిన కథ మరొకరి నోట పడి మారిపోయినా, నలభై దాటాక నడుము దగ్గర కొవ్వు చేరి మనిషి తీరు మారినా ఈ మాటే వాడతారు. ‘ఔట్ ఆఫ్ షేప్’ను పదానికి పదం పెట్టి చైనీసులోకి మార్చమంటే ఇంతకంటే చక్కని మాట ఎవరూ తేలేరు. చిక్కంతా ఇక్కడే ఉంది. స్వెట్టరుకో టోపీకో ‘ఔట్ ఆఫ్ షేప్’ అన్నప్పుడు ఇంగ్లీషు వాళ్ళ అర్థం కూడా అచ్చంగా జౌయాంగే. మనిషికి వాడినప్పుడు మాత్రం దారి మారుతుంది. వస్తువు దగ్గర కుదిరిన సమానార్థకం మనిషి దగ్గర కూడా కుదురుతుందని ఎవరైనా అనుకుంటారు. మీ విద్యార్థులూ అనుకున్నారు.

మనిషి విషయంలో ఇంగ్లీషు మాట ముందుగా చూసేది దమ్మును. మూడంతస్తుల మెట్లు ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి, రొప్పుతూ ‘ఐయామ్ సో ఔట్ ఆఫ్ షేప్’ అనే మనిషి వెదురుబద్దలా సన్నగా ఉండవచ్చు. అద్దంలో అతనికి ఏ లోపమూ కనబడకపోవచ్చు. అతను చెబుతున్నది ఇంతే: ఒకప్పుడు ఈ మెట్లు నాకు లెక్కలోకి వచ్చేవి కావు, కొంతకాలంగా ఒళ్ళు వంచడం మానేశాను, ఇప్పుడు ఊపిరి అందడం లేదు. తెలుగులో నేనైతే దీన్ని ‘ఒళ్ళు అలవాటు తప్పింది’ అంటాను. ఆ ‘తప్పింది’లోనే అసలు అర్థం ఉంది. ముందు అలవాటు ఉండేదని, ఇప్పుడు లేదని, మళ్ళీ తెచ్చుకోవచ్చని మూడూ అందులో ఇమిడి ఉన్నాయి. పుట్టుకతోనే బలహీనంగా ఉన్న మనిషిని గాని, మంచాన పడిన మనిషిని గాని ఉద్దేశించి ‘ఔట్ ఆఫ్ షేప్’ అనరు.

అందుకని నా మొదటి సలహా: ఈ పాఠంలో శరీరం బొమ్మ చూపకండి. లావుపాటి మనిషినీ, కండలు తిరిగిన మనిషినీ పక్కపక్కన పెట్టిన బొమ్మలు పాఠ్యపుస్తకాల్లో తరచుగా ఉంటాయి. అవి చూపిన క్షణంలోనే విద్యార్థి మనసులో షన్‌త్సాయ్ స్థిరపడిపోతుంది, ఆ తరువాత మీరు ఏం చెప్పినా దాని పైపూతగానే మిగులుతుంది. బొమ్మకు బదులు ఒక జ్ఞాపకాన్ని కదిలించండి. చైనాలో కళాశాల చదువు చదివిన వాళ్ళందరికీ వ్యాయామ పరీక్ష ఉంటుంది. అందులో అబ్బాయిలు 1000 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు పరుగెత్తాలి. ఆ పరుగు మాట ఎత్తగానే ముప్పై ఐదేళ్ళ అకౌంటెంట్ల ముఖాలు కూడా ఎలా మారతాయో నేను చూశాను. ‘ఆ 800 మీటర్లు ఇప్పుడు, ఈ రాత్రి, మళ్ళీ పరుగెత్తమంటే ఏమవుతుంది?’ అని అడగండి. నవ్వుతారు, తలలు అడ్డంగా ఊపుతారు, ‘చచ్చిపోతాం’ అంటారు. ‘మీ బరువు అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా?’ అని రెండో ప్రశ్న వేయండి. తేడా పెద్దగా లేదనే వాళ్ళు ప్రతి తరగతిలోనూ కొందరు ఉంటారు. వాళ్ళనే చూపించి చెప్పండి: వీరి షన్‌త్సాయ్ జౌయాంగ్ కాలేదు, అయినా వీరు ఔట్ ఆఫ్ షేప్. ఈ రెండు ప్రశ్నలు చేసే పని అరగంట వివరణ చేయదు. సింగపూర్‌లో పుట్టి పెరిగిన కుర్రవాళ్ళయితే నేను 2.4 కిలోమీటర్ల పరుగును ఉదాహరణగా తీసుకునేవాణ్ణి. అక్కడి సైనిక శిక్షణ పూర్తిచేసినవాళ్ళు ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి దేహదారుఢ్య పరీక్షకు హాజరవుతూ ఉండాలి కనుక, పరీక్ష దగ్గరపడే కొద్దీ వాళ్ళ నోట ఈ నుడికారం దానంతట అదే వస్తుంది.

అర్థం అందిన తరువాత ఏదో ఒక విద్యార్థి తప్పకుండా అడుగుతాడు: దమ్ముకు ఆకారమనే మాట ఎందుకు వాడారు? ఈ ప్రశ్నను ‘నుడికారం కదా, అంతే’ అని కొట్టివేయకండి. పెద్దవాళ్ళకు కారణం తెలిస్తేనే మాట గుర్తుంటుంది. పైగా దీనికి జవాబు వాళ్ళ భాషలోనే ఉంది; అది దొరికిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నిఘంటువులో షేప్ అనే మాటకు చైనీసులో ఇచ్చే అర్థం ‘షింగ్‌జ్వాంగ్’. ఇందులోని రెండవ అక్షరం ‘జ్వాంగ్’ను విడిగా తీసి బోర్డు మీద రాయండి, లేదా ఒక విద్యార్థి చేతనే రాయించండి. ఆ అక్షరంలో కుడివైపు కుక్కను సూచించే భాగం ఉంటుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన ప్రాచీన నిఘంటువు దీనికి ‘కుక్క ఆకారం’ అనే అర్థం చెప్పింది. అంటే ఇది మొదట్లో కంటికి కనబడే రూపానికి పెట్టిన మాట. ఇప్పుడు ఈ అక్షరం ఇంకే మాటల్లో వస్తుందో విద్యార్థులనే చెప్పమనండి. ‘జ్వాంగ్‌థాయ్’ అంటారు, అది స్థితి. ‘జ్వాంగ్‌ఖ్వాంగ్’ అంటారు, అది పరిస్థితి. ‘ష్యెన్‌జ్వాంగ్’, వర్తమాన స్థితి. ‘జంగ్‌జ్వాంగ్’, రోగ లక్షణం. ఒక్క మాటలోనూ కంటికి కనబడే ఆకారం లేదు. కుక్క రూపంతో మొదలైన అక్షరం మనిషి స్థితిని, దేశ పరిస్థితిని, జబ్బు లక్షణాన్ని చెప్పే దాకా వచ్చింది. ఇంగ్లీషు షేప్ నడిచిన దారి కూడా ఇదే. ఆ మాట పాత ఇంగ్లీషులో సృష్టి, రూపం అనే అర్థాలతో ఉండేది. స్థితి అనే అర్థం 19వ శతాబ్దపు అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఫ్రెండ్‌షిప్, హార్డ్‌షిప్ వంటి మాటల చివర ఉండే ‘షిప్’ కూడా ఓడకు సంబంధించింది కాదు. షేప్‌కు దగ్గరి చుట్టమే. స్నేహితులుగా ఉండే స్థితి ఫ్రెండ్‌షిప్. ఆకారం నుంచి స్థితికి దాటే ఈ అడుగు చైనీస్ మాట్లాడేవాళ్ళకు కొత్త కాదు. రోజూ వేస్తూనే ఉన్నారు, గమనించలేదు అంతే.

మనకూ ఇది కొత్త కాదని మీరు గ్రహిస్తే బోధన ఇంకా సులువవుతుంది. బ్యాట్స్‌మన్ ‘ఫామ్‌లో లేడు’ అని తెలుగు పత్రికలు రాసినప్పుడు, ఫామ్ అంటే రూపం కనుక అతని ముఖం మారిపోయిందేమో అని ఎవరమూ అనుకోము. ‘పని ఒక రూపానికి వచ్చింది’ అన్నప్పుడు కూడా రూపాన్ని కంటితో కొలవము. ఈ ఫామ్‌కు చైనా క్రీడా వ్యాఖ్యాతలు వాడే మాట జ్వాంగ్‌థాయే: ఫలానా ఆటగాడి జ్వాంగ్‌థాయ్ బాగుంది, ఫలానా వాడు జ్వాంగ్‌థాయ్ వెతుక్కుంటున్నాడు అంటారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఉత్సాహంలో నేను కొన్నాళ్ళు ‘షేప్ అంటే జ్వాంగ్‌థాయ్’ అని సూత్రంలా చెప్పాను. అది కొత్త తప్పులకు దారి తీసింది. జ్వాంగ్‌థాయ్ చాలా విశాలమైన మాట. రాత్రి నిద్ర చాలకపోయినా, మనసు బాగాలేకపోయినా ఉదయం జ్వాంగ్‌థాయ్ బాగాలేదనవచ్చు. ఒక విద్యార్థి సమావేశానికి ఆలస్యంగా వచ్చి, నిద్ర లేదు కనుక ‘టుడే ఐయామ్ ఔట్ ఆఫ్ షేప్’ అన్నాడు. ఇంగ్లీషులో ఈ నుడికారానికి ‘ఈ రోజు’ అనేది అతకదు. ఒక రాత్రిలో ఎవరూ ఔట్ ఆఫ్ షేప్ కారు, ఒక పూట విశ్రాంతితో ఇన్ షేప్ కూడా కారు. దీని కాలం వారాలు, నెలలు. ఫామ్ వేరు, ఒంటి దారుఢ్యం వేరు అన్నది క్రికెట్ తెలిసిన తెలుగువారికి ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున అంబటి రాయుడు 602 పరుగులు చేసి, ఇంగ్లండ్‌లో వన్డేలు ఆడే భారత జట్టుకు ఎంపికయ్యాడు. యో-యో పరీక్షలో అర్హత మార్కు అందకపోవడంతో ఆ చోటు సురేశ్ రైనాకు వెళ్ళింది. అంతటి ఫామ్‌లో ఉన్న ఆటగాడిని కూడా పరుగు పరీక్ష ఆపగలిగిందంటే ఆ పరీక్ష కొలిచేది ఫామ్‌ను కాదని తేలుతుంది. ఈ నుడికారంలోని షేప్ రెండవ వైపుకు చెందినది. కాబట్టి జ్వాంగ్ అక్షరాన్ని తాళంచెవిగా వాడుకోండి, జ్వాంగ్‌థాయ్ అనే పూర్తి మాటను అర్థంగా ఇవ్వకండి. అర్థంగా ఇవ్వవలసి వస్తే ‘షన్‌థీ జ్వాంగ్‌ఖ్వాంగ్’, అంటే శారీరక స్థితి అనే మాట మెరుగు.

ఇంకా దగ్గరగా ఉండే మాట ఒకటి నాకు విద్యార్థుల నోటి నుంచే దొరికింది. చాలాకాలం వ్యాయామం లేకపోతే చైనీసులో ఒళ్ళు ‘షంగ్‌ష్యూ’ అయిందంటారు. అంటే తుప్పు పట్టింది. ఒళ్ళు తుప్పు పట్టిందని మనమూ అంటాము కదా. మునుపు బాగుండటం, వాడక చెడటం, మళ్ళీ బాగుపడే వీలుండటం, ఈ మూడూ తుప్పులో ఉన్నాయి. చైనీసులో వ్యాయామానికి వాడే ‘డ్వాన్‌ల్యెన్’ అనే మాటకు అసలు అర్థం లోహాన్ని కాల్చి, సాగగొట్టి, శుద్ధి చేయడం. కొలిమిలో కాల్చిన ఇనుమును వదిలేస్తే తుప్పు పట్టక ఏం చేస్తుంది? ఈ జోడీని తరగతిలో చెబితే విద్యార్థులకు చాలా నచ్చుతుంది. అయితే వెంటనే ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇంగ్లీషులో ‘రస్టీ’ అనే మాట ఒంటికంటే విద్యకు ఎక్కువగా వాడతారు. ‘మై ఇంగ్లీష్ ఈజ్ రస్టీ’ అంటే భాష అలవాటు తప్పిందని. తుప్పు పట్టింది విద్య అయితే రస్టీ, ఒళ్ళయితే ఔట్ ఆఫ్ షేప్. ఈ ఒక్క తేడా రాసుకుంటే చాలు.

‘యాజ్యెన్‌ఖాంగ్’ అనే మాటను కూడా ఎవరో ఒకరు ముందుకు తెస్తారు. ఆరోగ్యానికీ అనారోగ్యానికీ నడుమ ఉండే స్థితికి చైనాలో వాడే మాట అది. అలసట, నిద్రలేమి, చిరాకు అన్నీ అందులో పడతాయి. ఔట్ ఆఫ్ షేప్ అంత పెద్ద గంప కాదు. ‘కొంచెం కలుస్తుంది, కానీ ఇందులో నిద్రలేమి లేదు’ అని చెప్పి ముందుకు సాగండి. దీని మీద కాలం వృథా చేయనవసరం లేదు.

ఇక మీ రెండవ విద్యార్థిని వాక్యానికి వద్దాం. ‘మై మదర్స్ బాడీ’ అని ఆమె రాయడం యాదృచ్ఛికం కాదు. చైనీసులో ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు ‘షన్‌థీ’, అంటే శరీరం, తప్పనిసరిగా వస్తుంది: నేను, శరీరం, చాలా బాగుంది. ‘ఒంట్లో బాగాలేదు’ అనే మనకు ఇందులో వింత ఏమీ కనబడదు. ఇంగ్లీషుకు మాత్రం ఇక్కడ ఒళ్ళు అక్కరలేదు, మనిషే కర్త. ‘ఐయామ్ ఔట్ ఆఫ్ షేప్’ అంటారు. ‘మై బాడీ ఈజ్ ఔట్ ఆఫ్ షేప్’ అంటే వినేవాళ్ళ దృష్టి నేరుగా ఒంటి వంపుల మీదికి పోతుంది. ‘మై బాడీ ఈజ్ వెరీ గుడ్’ అని ఆరోగ్యం గురించి చెప్పబోయి ఎబ్బెట్టుగా వినిపించిన విద్యార్థులు నా తరగతుల్లో లెక్కలేనంత మంది. అందువల్ల నేను ఈ పాఠంలో ఒక నియమం పెట్టేవాణ్ణి: ఈ గంటసేపు బాడీ అనే మాట ఎవరూ పలకకూడదు. ఆటలా మొదలయ్యేది, పలికినవాళ్ళు మరుసటి వారం టీ తేవాలి. వాక్యాలు వాటంతట అవే చక్కబడేవి.

ఆమె వ్యాసం విషయంలో ఇంకొక్క మాట. కాన్పు తరువాత స్త్రీ శరీరంలో వచ్చే మార్పును చెప్పడానికి ఆమె ఉద్దేశించినది షన్‌త్సాయ్ జౌయాంగ్ అయితే, ‘షి లాస్ట్ హర్ ఫిగర్’ అని సరిదిద్దవచ్చు. అయితే తల్లి త్యాగాన్ని చెప్పే చోట ఆ మాట అసలు కావాలా అని ఆమెనే అడగండి. నా అంచనా ప్రకారం ఆమె చెప్పదలచింది తల్లి ఆరోగ్యం దెబ్బతిన్న సంగతి. అలాగైతే ‘హర్ హెల్త్ సఫర్డ్’ అంటే సరిపోతుంది.

వ్యాకరణంలో చిన్న చిక్కులు మూడు ఉన్నాయి. ఇన్ షేప్, ఔట్ ఆఫ్ షేప్, ఇన్ గుడ్ షేప్: వీటిలో ఎక్కడా ‘ఎ’ గాని ‘ద’ గాని రాదు. ఆర్టికల్ లేని భాష నుంచి వచ్చిన చైనీస్ విద్యార్థులకు ఇది వరం కావలసింది. కాని అప్పటికే ఉపాధ్యాయులు ఆర్టికల్ మరచిపోవద్దని వందసార్లు చెప్పి ఉంటారు కనుక, జాగ్రత్తపడి మరీ ‘ఇన్ ఎ గుడ్ షేప్’ అంటారు. మనవాళ్ళూ అంటారు. ‘ఇన్ ద షేప్ ఆఫ్ ఎ హార్ట్’ అన్నప్పుడు మాత్రం అది అచ్చమైన ఆకారం, అక్కడ ‘ద’ ఉండాల్సిందే. మూడవది ‘బెంట్ ఔట్ ఆఫ్ షేప్’. ఇది అమెరికన్ల వాడుక. మనిషి కోపంతోనో చిన్నబుచ్చుకునో ఉడికిపోవడాన్ని చెబుతుంది. వ్యాయామంతో దీనికి సంబంధమే లేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ‘ఇన్ బ్యాడ్ షేప్’. ఔట్ ఆఫ్ షేప్‌కూ దీనికీ తేడా లేదనుకుంటే పెద్ద ఇబ్బంది వస్తుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి ‘హి ఈజ్ ఇన్ బ్యాడ్ షేప్’ అంటే రోగి పరిస్థితి బాగాలేదని, ఆందోళన పడవలసినంతగా ఉందని అర్థం. ‘హి ఈజ్ ఔట్ ఆఫ్ షేప్’ అంటే అతను మెట్లెక్కితే ఆయాసపడతాడని. మొదటిది వింటే బయలుదేరి వెళ్ళాలి, రెండవది వింటే నవ్వి ఊరుకోవచ్చు. నా విద్యార్థి ఒకాయన సెలవు చీటీలో, తండ్రి గుండె ఆపరేషన్ కోసం ఊరు వెళ్ళాలంటూ, తండ్రి ‘ఔట్ ఆఫ్ షేప్’ అని రాశాడు. వ్యాయామం చాలని తండ్రి కోసం రెండు వారాల సెలవు ఎందుకని పై అధికారికి అనుమానం వచ్చింది. ఆ చీటీని అతను నాకు తెచ్చి చూపించిన నాటి నుంచి ఈ తేడాను నేను ఎన్నడూ వదలలేదు. కంపెనీకీ కారుకూ ఇంటికీ కూడా ‘ఇన్ బ్యాడ్ షేప్’ చెల్లుతుంది. కంపెనీ ‘ఔట్ ఆఫ్ షేప్’ అని మాత్రం సాధారణంగా అనరు.

మీ మొదటి విద్యార్థి చేసింది అర్థానికి సంబంధించిన తప్పు మాత్రమే అయితే ఇంత బాధ కలిగేది కాదు. ఎవరు ఎవరితో అనవచ్చు అన్న సంగతి అసలు పాఠంలోకే రాలేదు. ఈ నుడికారం చాలావరకు ‘నేను’తోనే నడుస్తుంది; తనను తాను కొంచెం తక్కువ చేసుకుని నవ్వించే మాట ఇది. ఎదుటి మనిషిని ‘యు ఆర్ ఔట్ ఆఫ్ షేప్’ అనే హక్కు కోచ్‌కు, వైద్యుడికి, చిరకాల మిత్రుడికి ఉంటుంది, అంతకు మించి ఎక్కువమందికి ఉండదు. చైనా మర్యాద వేరు. నడివయసులో ఒళ్ళు వచ్చినవాళ్ళను ‘ఫాఫూ’ అయ్యారంటారు. ఆ అక్షరాలకు భాగ్యం పొంగిందని అర్థం. ‘లావయ్యావే’ అని పలకరించడం అక్కడి పాత తరంలో అభిమానానికే గుర్తు. ‘ఒళ్ళు చేశావు, సంసారం బాగుందన్నమాట’ అనే మన పెద్దమ్మలను తలచుకుంటే మీ విద్యార్థి మనసు మీకు వెంటనే అర్థమవుతుంది. అతను ఆమెను తప్పు పట్టలేదు. సెలవులు హాయిగా గడిచాయన్నమాట అని సంతోషించాడు. ఆ సంతోషాన్ని మోసే ఇంగ్లీషు మాట ‘యు లుక్ వెల్ రెస్టెడ్’. ఒంటి పరిమాణం ప్రస్తావన లేకుండానే అదే ఆప్యాయత చేరుతుంది.

ఇంత చెప్పిన తరువాత నిజాయితీగా ఒప్పుకోవలసినది కూడా ఉంది. ఈ నుడికారంలో రూపం ఛాయ బొత్తిగా లేదనడం సరికాదు. జనవరిలో ‘ఐ వాంట్ టు గెట్ ఇన్ షేప్’ అని జిమ్‌లో చేరేవాళ్ళలో పొట్ట తగ్గించుకోవాలనే కోరికా ఉంటుంది. అరవై ఏళ్ళ మనిషిని చూసి ‘హి ఈజ్ ఇన్ గ్రేట్ షేప్’ అన్నప్పుడు చూసేవాళ్ళ కంటికి ఆనేది ముందు రూపమే. ‘నేను షేప్‌లోనే ఉన్నాను, గుండ్రం కూడా ఒక షేపే’ అనే పాత ఇంగ్లీషు హాస్యం నడిచేది ఈ రెండు అర్థాల నడుమనే. ఈ హాస్యాన్ని పాఠం చివర చెప్పండి, మొదట చెప్పకండి. స్థితి అనే అర్థం గట్టిపడిన తరువాత వింటే విద్యార్థులు నవ్వుతారు. ముందే వింటే ‘నిజమే కదా, గుండ్రంగా ఉండటమే కదా’ అని నోటుపుస్తకంలో రాసుకుంటారు. నవ్వు వచ్చిందా లేదా అన్నదే నాకు పాఠం అందిందా లేదా అనే పరీక్ష.

చివరగా ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ కూడా నేర్పాలా అని అడిగారు. గుర్తుపట్టేటంతవరకు నేర్పండి, వాడించకండి. వాయులీనానికి ఆరోగ్యం ఏమిటని విద్యార్థులు తల గోక్కుంటారు. వాళ్ళకు కారణం చెప్పవచ్చు. 1616లో అచ్చయిన విలియం హాటన్ హాస్య నాటకంలోనే ఈ పోలిక కనిపిస్తుంది. ఆ కాలంలో ఫిట్ అంటే తగినది, అమరినది అని. ఫిట్ అనే మాటకు దేహదారుఢ్యం అనే అర్థం 19వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. మాట మారిపోయినా పోలిక అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దీన్ని ఎక్కువగా వాడేది వయసు మళ్ళినవాళ్ళ గురించి, లేదా జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళ గురించి. ‘తొంభై ఏళ్ళొచ్చినా నిక్షేపంలా ఉన్నారు’ అని మనం అనే సందర్భమే దానిదీ. నిక్షేపం అంటే దాచిపెట్టిన ధనమని తెలియకుండానే మనం ఆ మాట వాడుతున్నట్టు, వాళ్ళూ ఫిడిల్ సంగతి పట్టించుకోకుండా వాడతారు. ఇరవై ఐదేళ్ళ ఇంజనీరు తన గురించి ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఐయామ్ ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ అంటే, కుర్రవాడు తాతగారి మాటలు మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చైనాలో పాఠశాల పిల్లలు నాలుగక్షరాల జాతీయాలు కంఠస్థం చేసి, వ్యాసంలో ఎన్ని పొదిగితే అంత మెప్పు పొందుతారు. ఆ అలవాటు వల్ల ఇంగ్లీషు నుడికారం దొరికితే చాలు, ఎక్కడో ఒకచోట పెట్టేయాలని చూస్తారు. ‘ఇన్ షేప్’, ‘ఔట్ ఆఫ్ షేప్’ ఆ రకమైన అలంకారాలు కావని, ఉప్పూ పప్పూ వంటి రోజువారీ మాటలని, వీటిని వ్యాసంలో కంటే లిఫ్ట్ చెడిపోయిన రోజున మెట్ల మీద వాడాలని చెప్పండి.

కెనడా సహోద్యోగినికి ఆ విద్యార్థి ఏం చెప్పాలని కూడా మీరు అడిగారు. పొడుగాటి క్షమాపణ వద్దు. చైనీస్ మర్యాద, ఫాఫూ, నిఘంటువు అంటూ వివరణ మొదలుపెడితే ఆమె బరువు సంగతి మళ్ళీ రెండు నిమిషాల సేపు చర్చకు వస్తుంది. ‘ఆ రోజు నేను తప్పు మాట వాడాను, మీరు సెలవుల తరువాత హాయిగా కనబడ్డారని చెప్పాలనుకున్నాను’ అని ఇంగ్లీషులో రెండు చిన్న వాక్యాలు సాధన చేయించండి. ఆ తరువాత ఎప్పుడైనా ఇద్దరూ కలిసి మెట్లు ఎక్కవలసి వస్తే, పైకి చేరగానే అతను తన గురించే ‘ఐయామ్ సో ఔట్ ఆఫ్ షేప్’ అని రొప్పుతూ అనాలి. మాట అర్థం అతనికి ఇప్పుడు తెలుసునని ఆమెకు అర్థమవుతుంది.